కిటికీ ముందు నిలబడినవారిని అడిగి చూద్దాం

ఇంటర్వ్యూ అనే మాట చెవిని పడగానే మనవారికి ఉద్యోగం గుర్తుకు వస్తుంది. ఇస్త్రీ చొక్కా, సర్టిఫికెట్ల ఫైలు, బల్లకు అవతల ముగ్గురు పెద్దమనుషులు, ఇవతల చెమటలు తుడుచుకుంటున్న ఒక కుర్రవాడు, ఇదీ మన మనస్సులోని బొమ్మ. మేము ఇక్కడ చెప్పబోయే ఇంటర్వ్యూ దీనికి సరిగ్గా తలకిందులు. ఇందులో చెమటలు పట్టవలసింది అడిగేవారికి. జవాబు చెప్పేవారు బియ్యం ఏరుకుంటూనో, బీడీలు చుట్టుకుంటూనో తమ ఇంట తాము తాపీగా కూర్చుని ఉంటారు. వారికి తెలిసిన సంగతి ఒకటి మనకు తెలియదు. దానికోసం మనమే వారి గడపకు పోతాము.

ప్రభుత్వ సేవ అనేది ఎంత పెద్దదైనా, దాని కొస చివరికి ఒక కిటికీ దగ్గరో, ఒక ఫారము దగ్గరో, ఈ రోజులలో ఒక ఫోను తెర దగ్గరో వచ్చి ఆగుతుంది. ఆ ఫారములో గళ్లు గీసినవారు, ఏ కాగితం తరువాత ఏ కాగితం చూపవలెనో నిర్ణయించినవారు చదువుకున్నవారు, తెలివిగలవారు, చాలవరకు మంచివారు కూడాను. కాని వారు ఆ ఫారమును అవతలి వైపు నిలబడి నింపి ఎరుగరు. మేము ఇరవై ఏళ్లుగా కిటికీకి లోపలి వైపు కూర్చుని దరఖాస్తులు తీసుకుంటున్న గుమాస్తాలం గనుక ఈ మాట నిందగా కాక, లోపలి కబురుగా చెబుతున్నాము. లోపలినుంచి చూస్తే మనిషి కనబడడు. ఒక చేయి, చేతిలోని కాగితం కనబడతాయి. కాగితం సరిగా ఉన్నదా లేదా అన్నంత వరకే మా చూపు. ఆ కాగితం అక్కడికి చేరడానికి ఆ చేయి ఎన్ని పాట్లు పడ్డదో కిటికీలోనుంచి కానరాదు.

ఈ సంగతి ఇతర దేశాలలో కొందరు ముందే గ్రహించారు. 1979లో క్రిసీ మహెర్ అనే లివర్‌పూల్ మహిళ లండనులో పార్లమెంటు ఎదుటి మైదానంలో నిలబడి, సామాన్యునికి అర్థంకాని సర్కారు ఫారములను ముక్కలు ముక్కలుగా చేసింది. ఆమెకు యుక్తవయస్సు వచ్చేవరకు చదవడమే రాదు. అందుచేత ఫారము చూసి బెదరడం అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. తరువాత 2011లో బ్రిటిషు ప్రభుత్వం తన సేవలన్నిటినీ కంప్యూటరు మీదికి తేవడానికి ప్రత్యేకంగా ఒక శాఖను పెట్టినప్పుడు, ఆ శాఖ రాసుకున్న సూత్రాలలో మొదటిది ప్రజల అవసరంతో మొదలుపెట్టవలెననే. ఆ అవసరం తెలుసుకోవడానికి వారు ఎంచుకున్న ప్రధానమైన దారి మనుషులను పిలిచి, లేదా వారి వద్దకు పోయి, ఒక్కొక్కరితో మాట్లాడటం.

మన దేశంలో బెంగుళూరు ఈ విషయంలో ముందడుగు వేసింది. 1994లో శామ్యూల్ పాల్ గారు అక్కడి ప్రజలను అడిగి, నీళ్లు, కరెంటు, టెలిఫోను మొదలైన శాఖలకు బడిపిల్లలకు ఇచ్చినట్లు మార్కుల కార్డు ఇచ్చారు. 1999లోను, 2003లోను మళ్లీ ఇచ్చారు. శాఖలవారు మొదట ముఖం చిట్లించుకున్నా, తరువాత తమ మార్కులు తామే చూసుకోవడం నేర్చుకున్నారు. అయితే మార్కులు వేరు, మాటలు వేరు. ఏ శాఖ తప్పిందో మార్కులు చెప్పగలవు. ముసలమ్మ ఏ మెట్టు మీద జారిందో ఆమెతో కూర్చుని మాట్లాడితేనే గాని తెలియదు. ఈ రెండవ పనిని గురించే మా వ్యాసం.

మా షోలాపురం సంగతి చదువరులలో చాలమందికి తెలిసినదే. మిల్లుల కోసం, మగ్గాల కోసం మన పెద్దలు తెలంగాణపు జిల్లాలనుంచి ఇక్కడికి వచ్చారు. మగవారు మగ్గం మీద కూర్చుంటే ఆడవారు ఇంట్లో బీడీలు చుట్టారు. ఈనాటికీ చుడుతున్నారు. వేయి బీడీలకు ఇంత అని కూలి. వారిలో ప్రావిడెంటు ఫండు ఉన్నవారికి 1995 నాటి పథకం కింద పింఛను వస్తుంది. 2014 సెప్టెంబరునుంచి దాని కనీస మొత్తం నెలకు 1000 రూపాయలు. ఈ 1000 రూపాయలను చిన్నచూపు చూసేవారు ఒకసారి ఆ ఇళ్లలో మందుల డబ్బా తెరిచి చూడవలెను.

ఈ పింఛను ఆగకుండా రావాలంటే ఏటా ఒకసారి తాము బతికే ఉన్నామని రుజువు చూపవలెను. మరాఠీలో దీనిని ‘హయాతీచా దాఖలా’ అంటారు. ఎదురుగా నిలబడ్డ మనిషి బతికున్నట్లు కాగితం తెమ్మనడం వినడానికి వింతగానే ఉంటుంది. కాని పోయినవారి పేర పింఛను పోకుండా చూడటం కూడా న్యాయమే గదా. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం ‘జీవన్ ప్రమాణ్’ అనే పద్ధతి తెచ్చింది. వేలిముద్ర పెడితే చాలు, కాగితం అక్కరలేదన్నారు. ఎండలో బ్యాంకుల ముందు నిలబడిన వృద్ధులకు అది నిజంగా మేలే చేసింది. కాని నలభై ఏళ్లు తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టిన వేళ్లకు గీతలు ఏపాటి మిగులుతాయి? యంత్రం వారి వేలిని గుర్తుపట్టదు. ఈ ఇబ్బంది దేశమంతటా కనబడిన మీదట, 2020 నవంబరులో పోస్టుమాను ఇంటికే వచ్చి 70 రూపాయల రుసుముతో ఈ పని చేసిపెట్టే ఏర్పాటు, 2021 నవంబరులో ఫోనులో ముఖం చూపి ముగించే ఏర్పాటు వచ్చాయి. 2022లో ప్రావిడెంటు ఫండు పింఛనుదారులకు కూడా ముఖం పద్ధతి అందింది.

కాగితం మీద చూస్తే ఇక ఏ ఇబ్బందీ లేనట్లే. అయినప్పటికీ ఏటా శీతకాలంలో మన సంఘం ఆవరణలో ఆదివారంపూట వేసే సహాయపు బల్ల దగ్గర వరుస తగ్గదు. ఫిబ్రవరిలో పింఛను ఆగిందని వచ్చేవారూ తగ్గరు. కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది: సంఘం నిధిలోనుంచి డబ్బు తీసి ఒక మంచి వేలిముద్ర యంత్రం కొందామని. డబ్బు ఖర్చు పెట్టే ముందు కొందరిని అడిగి చూస్తే మంచిదని ఒక పెద్దాయన అన్నారు. ఆ పని మాకూ, సంఘం యువకులు ఇద్దరికీ అప్పగించారు. మేము చేసిన విధానం ఇతర ఊళ్ల సంఘాలవారికి కూడా పనికి రావచ్చునని ఇక్కడ రాస్తున్నాము.

మొదటి ప్రశ్న, ఎవరిని అడగడం? సులభమైన దారి కమిటీ సభ్యుల తల్లులను అడగడం. వారు దగ్గరే ఉంటారు, టీ కూడా ఇస్తారు. కాని వారి పని ఎలాగూ కొడుకులు చేసిపెడతారు. అడగవలసినవారు ముగ్గురు రకాలవారు: పని అయినవారు, సగంలో వదిలిపెట్టినవారు, అసలు రానివారు. మూడవ రకంవారు మన వరుసలో కనబడరు గనుక వారిని మనమే వెతకవలెను. పక్కింటివారిని, కిరాణా కొట్టువారిని అడిగితే దొరుకుతారు. ఎక్కువమంది అక్కరలేదు. ఎనిమిది తొమ్మిది ఇళ్లు తిరిగేసరికి విన్నమాటే మళ్లీ వినబడటం మొదలవుతుంది. అక్కడ ఆగి ఆలోచించుకోవచ్చు. లెక్కలు కట్టడానికి ఇంతమంది చాలరు. చిక్కు ఎక్కడున్నదో పట్టుకోవడానికి మాత్రం చాలు.

ఎప్పుడు, ఎక్కడ అనేది రెండవది. సంఘం గదిలో కుర్చీ వేసి పిలిపిస్తే వారు మంచి చీర కట్టుకుని వచ్చి మంచి మాటలు చెప్పి పోతారు. ఇంటికి పోతే చేటలో ఆకు పెట్టుకుని పని చేస్తూనే మాట్లాడతారు. వేయికి ఇంత అని కూలి తీసుకునేవారిని చేతులు కట్టుకుని కూర్చోమంటే ఆ గంట కూలి మనం తిన్నట్లే. బీడీలు చుట్టే చేతులకు మాట అడ్డం రాదు. పైగా చేతులకు పని ఉన్నప్పుడు నోటికి బెదురు పోతుంది. ఇద్దరు పోవడం మేలు. ఒకరు అడగవలెను, ఒకరు రాయవలెను. ముగ్గురు పోతే పోలీసులు వచ్చినట్లు ఉంటుంది.

గడప దాటగానే వరుస కలిపి పిలవడం మన పద్ధతి. అవ్వా అని, అత్తా అని, పెద్దమ్మా అని వయస్సును బట్టి పిలవవచ్చు. మాతో వచ్చిన కుర్రవాడు ఒకడు కాలేజీ అలవాటున ‘మేడం’ అన్నాడు. ఆ అవ్వ వెనక్కి తిరిగి ఎవరో వచ్చారేమోనని చూసింది. కూర్చోగానే చెప్పవలసిన మాట ఒకటున్నది: మేము ఆఫీసునుంచి రాలేదు, మీ పింఛను ఆపేవారమూ కాము, పెంచేవారమూ కాము, మన సంఘపు బల్ల బాగు చేసుకుందామని వచ్చాము, ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు అని. ఈ మాట చెప్పకపోతే జరిగేది ఏమిటంటే, ఎవరేమి అడిగినా ‘అంతా బాగానే ఉన్నది బాబూ’ అనే జవాబు వస్తుంది. కాగితం, కలం పట్టుకుని వచ్చినవాడి వలన పేదవారికి సామాన్యంగా మేలు జరగలేదని వారికి అనుభవం. ఆధార్ నంబరు, బ్యాంకు నంబరు ఏ కారణంచేతనూ రాసుకోకూడదు. మనకు వాటితో పనిలేదు. పేరు కూడా అక్కరలేదు. ‘మొదటి అవ్వ’, ‘రెండవ అవ్వ’ అని రాసుకున్నా సరిపోతుంది.

ఇక ప్రశ్నలు. ఇక్కడ కాస్త నిలిచి చెప్పవలెను, ఎందుచేతనంటే పని చెడేదీ బాగుపడేదీ ఇక్కడే.

‘ఫారము సులభంగా ఉన్నదా?’ అని అడిగితే ‘ఉన్నది’ అంటారు. అడిగినవారి మనస్సు నొప్పించడం మనవారికి చేతకాదు. ‘వేలిముద్ర యంత్రం పెడితే మీకు బాగుంటుందా?’ అంటే ‘పెట్టండి నాయనా, మంచిదే’ అంటారు. ఎవరైనా ఊరికే ఇస్తామన్నదానిని వద్దంటారా? ‘మీకేమి కావలెను?’ అని అడిగితే ‘పింఛను పెంచవలెను’ అంటారు. అది న్యాయమైన కోరికే గాని, మన బల్ల దగ్గర అయ్యే పని కాదు. ఈ మూడు రకాల ప్రశ్నలతో రోజంతా గడిపి, అన్నిటికీ ‘అవును’ రాసుకుని, సంతోషంగా యంత్రం కొనుక్కోవచ్చు.

పనికివచ్చే ప్రశ్న ఒకటే. ‘పోయిన ఏడు మీరు దాఖలాకు పోయిన రోజున ఏమేమి జరిగిందో పొద్దున లేచినప్పటినుంచి చెప్పండి.’ అభిప్రాయం అడగకూడదు, జరిగినది అడగవలెను. రేపు ఏమి చేస్తారని అడగకూడదు, నిన్న ఏమి చేశారని అడగవలెను. రేపటి సంగతి ఎవరైనా మర్యాదకు చెబుతారు. నిన్నటి సంగతి జ్ఞాపకంలోనుంచి వస్తుంది. ఆ కథ సాగుతున్నంతసేపు మనం అడగవలసినవి మూడే చిన్న మాటలు: ‘తరువాత?’, ‘అప్పుడు మీరేమి చేశారు?’, ‘ఎందుకని?’

డెబ్బై దాటిన ఒక అవ్వ చెప్పినది మా పుస్తకంలో ఉన్నట్లే ఇస్తున్నాము. “నవంబరు వచ్చిందంటే నాకు గుండెల్లో దడ. ఆ నెల దాటితే పైసలు బందు అవుతాయట. తెల్లారగట్లే లేచి ఆకు తడిపిపెట్టి పోయిన. షేరు ఆటోకు ఇరవై రూపాయలు. అక్కడ పెద్ద లైను. యంత్రం మీద వేలు పెడితే రాలేదు. ఇంకో వేలు పెట్టమన్నడు, రాలేదు. చేతులు నిమ్మకాయతో రుద్దుకొని రేపు రా అన్నడు. రుద్దుకొని మళ్లా పోయిన. ఈసారి ఫోను ముఖం ముందర పెట్టి కండ్లు ఆర్పమన్నడు. ఆర్పిన. అయిపోయింది పో అన్నడు. ఏం అయిపోయింది? కాగితం లేదు, ముద్ర లేదు. మెసేజీ వస్తదన్నడు. ఆ నంబరు మనుమనిది. వాడు పూనాలో ఉన్నడు. వాడికి ఫోను చేస్తే తీయడు. అయిందో లేదో ఎట్ల తెలవాలె? అందుకని మళ్లా వారం మీ సంఘం కాడికి వచ్చి లైన్ల నిలబడ్డ. మీరు చేసిండ్రు. ఆ తరువాత బ్యాంకుకు కూడ పోయి అడిగిన. రెండు రోజుల కూలి పోయింది.”

చదువరులు గమనించవలెను. ఆమె పని రెండవ రోజుననే ముగిసింది. వేలు పనిచేయకపోవడం ఆమెకు ఒక పూట కష్టం. ముఖం పద్ధతి దానిని దాటించింది. మిగిలిన తిరుగుడంతా పని అయినదో లేదో తెలియకపోవడంవల్ల వచ్చినది. వేరే ఇళ్లలోనూ ఇదే మాట వేరువేరు విధాల వినబడింది. ఒకామె తన పని అయిందనుకుని ఊరుకున్నది, నిజానికి కాలేదు. ఆమెకు మెసేజీ రాకపోవడం ఆమెకు తెలియనే తెలియదు. ఒకాయన మెసేజీ వచ్చిన ఫోనును జాగ్రత్తగా బట్టలో చుట్టి పెట్టెలో పెట్టాడు, అదే సర్టిఫికెటు అనుకుని. నవ్వవలసిన పని లేదు. సంతకమూ ముద్రా ఉన్న కాగితం దాచుకోవడమే ఆయనకు జీవితమంతా నేర్పినది.

రెండవ సంగతి నవంబరు. ప్రావిడెంటు ఫండు పింఛనుదారులు ఏడాదిలో ఎప్పుడైనా దాఖలా ఇవ్వవచ్చునని, ఇచ్చిన తేదీనుంచి ఒక సంవత్సరం అది చెల్లుతుందని ఆ సంస్థవారు 2020లోనే స్పష్టంగా ప్రకటించారు. నవంబరు గడువు ప్రభుత్వోద్యోగపు పింఛనుదారులది. కాని మేము పోయిన ఇళ్లలో ఒక్కరికీ ఈ తేడా తెలియదు. ‘నవంబరు’ అని ఎవరు చెప్పారని అడిగితే, పక్కింటామె అని ఒకరు, ఎప్పుడూ అంతే గదా అని ఒకరు. పాత పద్ధతి పోయినా దాని భయం మిగిలిపోయింది. జూలైలో ఖాళీగా కూర్చునే బల్ల, నవంబరులో ఊపిరాడక ఉక్కిరిబిక్కిరి అవుతున్నది. ఈ సంగతి ఏ సర్వే ఫారములోనూ వచ్చేది కాదు, ఎందుకంటే ‘మీరు నవంబరులోనే ఎందుకు వచ్చారు?’ అనే గడి గీయాలని ఎవరికీ తోచదు.

అడిగేటప్పుడు మౌనం భరించడం నేర్చుకోవలెను. ఇది మా యువకులకు అన్నిటికంటె కష్టమైన పని అయింది. అవ్వ ఒక్క క్షణం ఆగితే చాలు, ‘అంటే ఫోను సరిగా లేదా అవ్వా?’ అని జవాబు తామే అందించేవారు. ‘అవును బాబూ’ అనేది ఆమె. అక్కడితో ఆ కథ పోయినట్లే. నోరు మూసుకుని, ఆమె చుడుతున్న బీడీ పూర్తయ్యేవరకు చూస్తూ కూర్చుంటే, తరువాత వచ్చే మాటే అసలు మాట. అలాగే ఇంట్లో కొడుకు ఉంటే తల్లి బదులు తానే చెబుతాడు. వాడిని కోప్పడనక్కరలేదు. ‘అన్నా, బండి ఎక్కడ పెట్టమంటావు, కాస్త చూపించు’ అని ఒకరు అతనిని బయటికి తీసుకుపోతే, రెండవవారు లోపల వినవచ్చు. ఈ ఉపాయం మా పెద్దాయనది.

మాటలతో ఆగక కాగితాలు చూపించమని అడగవలెను. ఎక్కడ దాచుకున్నారు, ఏది పైన ఉన్నది, దేనికి ప్లాస్టిక్కు తొడుగు వేయించారు అనేవి చూడదగినవి. ఇక్కడ మనవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి బయటపడుతుంది, పేరు. మరాఠీ పద్ధతిలో ఇంటిపేరు, తన పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఈ మూడూ ఉండవలెను. మన ఆడవారికి పెళ్లికి ముందు ప్రావిడెంటు ఫండులో పుట్టింటి పేరు, తండ్రి పేరు. తరువాత ఆధార్‌లో అత్తింటి పేరు, భర్త పేరు. కొందరికి పెళ్లిలో పేరే మార్చారు. అప్పుడు ఇద్దరు మనుషులు అయినట్లే గదా. తమిళనాటి మన సోదరులకు ఇంకొక విధం. అక్కడ పొడి అక్షరం అంటే తండ్రి పేరు. మనవారు ఇంటిపేరు మొదటి అక్షరం పెట్టుకుంటారు. ఒకే మనిషికి బడి సర్టిఫికెటులో ఒక అక్షరం, రేషను కార్డులో ఒక అక్షరం. ‘మీ పేరేమిటి?’ అని అడిగితే ఇది తెలియదు. ‘మీ కాగితాలన్నిటిలో పేరు ఎలా ఉన్నదో చూద్దామా?’ అంటే తెలుస్తుంది.

రాసుకునేవారు చెప్పిన మాటను చెప్పినట్లే రాయవలెను. ‘వృద్ధురాలికి సాంకేతిక అవగాహన లేదు’ అని రాస్తే అది మన మాట, ఆమెది కాదు. దానిలోనుంచి ఏ పనీ పుట్టదు. ‘ఏం అయిపోయింది? కాగితం లేదు, ముద్ర లేదు’ అని రాసుకుంటే ఏమి చేయవలెనో ఆ వాక్యమే చెబుతున్నది.

ఉన్నదున్నట్లు రాయడంలో ఇంకొక లాభం మా వంటి రెండు భాషల ఊళ్లవారికి కలుగుతుంది. ఒక అమ్మ తన ఆదాయపు దాఖలా దరఖాస్తు ఎందుకు తిరిగి వచ్చిందో చెబుతూ, “పొలం లేదని చెప్పిన, వాళ్లు ఖాళీగా పెట్టిండ్రు” అన్నది. పొలం సంగతి ఎవరు అడిగారమ్మా అంటే, “వ్యవసాయం ఏమని అడిగిండ్రు గద” అన్నది. మరాఠీ ఫారములో ‘వ్యవసాయ్’ అనగా వృత్తి. మన చెవికి అది సేద్యం. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి వృత్తి గడి ఖాళీగా పోయింది. ‘శిక్షణ్’ అంటే అక్కడ చదువు. మనకు అది తర్ఫీదు. ‘ఉద్యోగ్’ అంటే వారికి పరిశ్రమ, వ్యాపారం, మనకు కొలువు. గుమాస్తా గట్టిగా చదివి వినిపించాడు, ఆమె విన్నది, ఇద్దరికీ మాట తెలిసినదే, ఇద్దరికీ అర్థం వేరు. తెలియని మాట అయితే ‘అదేమిటి?’ అని అడిగేది. తెలిసినట్లున్న మాటే ముంచింది. బరంపురంలో ఒడియా ఫారములు నింపేవారికి కూడా ‘వ్యవసాయ’ అన్న మాట దగ్గర ఇదే గండం ఉంటుంది. అక్కడ అది వ్యాపారం. కన్నడం, తమిళం మాత్రం ఈ ఒక్క మాటలో మన పక్షమే, వారికీ అది సేద్యమే. కాని కన్నడంలో ‘శిక్షణ’ మళ్లీ చదువే. మన రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తన ఫిర్యాదును కేంద్రంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చు. హక్కు ఉన్నది గాని, గడి అచ్చయిన భాష ఒకటి, విన్న చెవి భాష ఒకటి అయినప్పుడు ఫిర్యాదు పుట్టకముందే దరఖాస్తు తిరిగి వస్తున్నది.

ఇళ్లన్నీ తిరిగిన మీదట ఒక ఆదివారం కూర్చుని, రాసుకున్న వాక్యాలను కత్తిరించి నేలమీద పరచాము. ఒకే తీరు మాటలు ఒకచోట చేర్చితే నాలుగు కుప్పలయ్యాయి: అయిందో లేదో తెలియకపోవడం, నవంబరు భయం, పేరు, అర్థం మారిన మాటలు. వేలిముద్ర యంత్రం కుప్ప అన్నిటికంటె చిన్నది. అందులో ఉన్న ఇద్దరికీ ముఖం పద్ధతి చాలును. యంత్రం కొనుగోలు ఆగింది. కమిటీలో ఇద్దరు ముగ్గురికి ఇది నచ్చలేదు. యంత్రం అయితే ఫోటో తీసి పత్రికలో వేయవచ్చు, చీటీకి ఏమి ఫోటో తీస్తారు అని ఒకరన్నారు. అది కూడా నిజమే.

అవును, చేసినది ఒక చీటీ. అరచేతి వెడల్పు కాగితం. పైన పెద్ద తెలుగక్షరాలలో ‘మీ దాఖలా అయినది’, కింద తేదీ, ‘మళ్లీ వచ్చే ఏడు ఈ తేదీకి ముందు రండి, నవంబరు దాకా ఆగవద్దు’, మెసేజీలో వచ్చిన ప్రమాణ్ నంబరు, సంఘం ముద్ర. మెసేజీ ఇంకెవరి ఫోనుకైనా పోయేటట్లుంటే బల్ల దగ్గరనుంచే ఆ మనుమడికో కొడుకుకో ఫోను చేసి నంబరు చదివించుకుంటాము. అచ్చువేసే ముందు చీటీ నమూనా చేత్తో రాసి ముగ్గురు అవ్వల చేతికి ఇచ్చి, ‘ఇది ఏమి చెబుతున్నది?’ అని మాత్రం అడిగి ఊరుకున్నాము. మొదట ‘చెల్లుబాటు తేదీ’ అని రాసి ఉన్నది. ఒక అవ్వ అది పైసలు వచ్చే తేదీ అనుకున్నది. మాట మార్చాము. ముద్ర లేని నమూనాను మరొక అవ్వ చేతిలో తిప్పి చూసి, పక్కన పెట్టి, ‘అసలుది ఎప్పుడిస్తరు?’ అన్నది. ముద్ర చేర్చాము. అసలు సర్టిఫికెటు కంప్యూటరులోనే ఉంటుంది, ఈ చీటీ జ్ఞాపకానికి మాత్రమేనని చీటీ ఇచ్చేవారు నోటితో చెబుతున్నారు. రాస్తే బెదురుతారేమోనని రాయలేదు. ఈ ఒక్క విషయంలో మాలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

పేర్ల చిక్కు చీటీతో తీరేది కాదు. దానికి ప్రావిడెంటు ఫండు ఆఫీసుకు పోయి సవరణ దరఖాస్తు ఇవ్వవలెను. ఒక్కొక్కరి వెంట ఒకరు తిరగవలసిన పని. ఇంతవరకు నలుగురివి మొదలుపెట్టాము. అర్థం మారిన మాటలకు మాత్రం ఒక పట్టిక తయారవుతున్నది. మరాఠీ ఫారములోని మాట ఒకవైపు, దానిని తెలుగులో ఎలా అడగవలెనో రెండవవైపు. ‘వ్యవసాయ్’ ఎదుట ‘ఏం పని చేస్తారు?’ అని రాశాము. బళ్లారి, హోసూరు, బరంపురం, యానాం మొదలైన చోట్ల సంఘాలవారు తమ ఊరి కిటికీల దగ్గర మనవారిని ఇట్లా తికమక పెట్టే మాటలను, అవి ఏ ఫారములో కనబడ్డవో తెలుపుతూ, పత్రిక చిరునామాకు రాసి పంపితే వాటిని కూడా చేర్చి వచ్చే సంచికలలో ఒకదానిలో అచ్చువేయిస్తాము. కార్డు ముక్క మీద రాసినా చాలును.